ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో నోట్సు

ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడే రోజుల్లో జూనియర్ కళాశాలల చుట్టుపక్కల ఉండే జిరాక్స్ దుకాణాలకు తీరిక ఉండదు. తరగతిలో బాగా చదువుతుందని పేరున్న అమ్మాయి రాసుకున్న కెమిస్ట్రీ నోట్సు చేతులు మారి, ప్రతుల మీద ప్రతులు తీయించుకుని, హాస్టల్ గదుల్లోని ట్రంకు పెట్టెల్లోకి చేరుతుంది. అందులో అక్షరం మారదు, బొమ్మ మారదు, గీత కింద గీత కూడా అలాగే ఉంటుంది. అయినా ఆ నోట్సు రాసిన విద్యార్థినికి కలిగిన మేలు, దాని ప్రతి తీయించుకున్న వారికి కలగదు. ఒకే కాగితం ఇద్దరికి రెండు రకాలుగా పనిచేయడానికి కారణం కాగితంలో లేదు, దాన్ని నింపేటప్పుడు జరిగిన ఆలోచనలో ఉంది.

విద్యార్థి రాసుకునే నోట్సు రెండు పనులు చేస్తుందని 1972లో డి వెస్టా, గ్రే అనే ఇద్దరు పరిశోధకులు విడదీసి చూపారు. మొదటిది, విన్న విషయాన్ని తర్వాత చూసుకోవడానికి వీలుగా భద్రపరచడం. రెండవది, వింటున్నప్పుడే ఏది ముఖ్యం, ఏది ఉదాహరణ, ఇది నిన్నటి పాఠంలోని ఏ మాటకు కొనసాగింపు అని తేల్చుకుంటూ రాయడం వల్ల విషయం మనసులో స్థిరపడడం. జిరాక్స్ యంత్రం మొదటి ప్రయోజనాన్ని మాత్రమే మోసుకెళ్లగలదు. రెండవది రాసిన వారి దగ్గరే ఉండిపోతుంది.

తెలుగు నాట తరగతి గదిలో నోట్సు అనగానే గుర్తుకు వచ్చేది డిక్టేషన్. అధ్యాపకుడు ఒక్కో వాక్యం చదువుతూ ఉంటే, విద్యార్థులందరూ తల ఎత్తకుండా రాసుకుంటూ పోతారు. పాఠ్యపుస్తకాలు అందరికీ దొరకని కాలంలో, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో పై తరగతుల పుస్తకాలే లేని రోజుల్లో, ఈ పద్ధతి ఒక అవసరంగా పుట్టింది. ఆనాడు అధ్యాపకుడి నోట్సే పుస్తకం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఇంటర్మీడియట్ నుంచి డిగ్రీ వరకు తెలుగులో పాఠ్యగ్రంథాలు వెలువరించిన తర్వాత ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. అయినా డిక్టేషన్ పోలేదు. అది తరగతిని నిశ్శబ్దంగా ఉంచుతుంది, సిలబస్ పూర్తయిందనడానికి రుజువుగా నిలుస్తుంది, నిండిన పుస్తకాన్ని చూసి తల్లిదండ్రులు తృప్తి పడతారు. దీనికి తోడు తరగతిలో రాసిన రఫ్ నోట్సును ఇంటికి వెళ్లి ఫెయిర్ నోట్సులోకి ఎక్కించే అలవాటు ఒకటి ఉంది. రంగు పెన్నులతో శీర్షికలు రాసి, స్కేలు పెట్టి గీతలు గీసి, రాత్రి పదకొండు వరకు సాగే ఈ పనిలో చేతికి కలిగే శ్రమ ఎక్కువ, బుద్ధికి కలిగే శ్రమ తక్కువ. విషయాన్ని కొత్త క్రమంలో పేర్చుకుంటూ రాస్తే ఫెయిర్ నోట్సుకు అర్థం ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు దింపితే అది అందమైన నకలు మాత్రమే.

నకలు రాయడానికీ మళ్లీ మళ్లీ చదవడానికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటిలోనూ విషయం కళ్ల ముందు ఉంటుంది కాబట్టి వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఈ భావన ఎంత మోసం చేస్తుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం స్పష్టంగా చూపింది. ఒక గద్యభాగాన్ని కొందరు విద్యార్థులు నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారికి 83 శాతం, చూడకుండా రాసినవారికి 71 శాతం విషయం గుర్తుంది. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తారుమారైంది: నాలుగుసార్లు చదివినవారికి 40 శాతమే మిగిలింది, చూడకుండా రాసినవారికి 61 శాతం నిలిచింది. పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తిరగేసిన విద్యార్థికి ఆ రాత్రి అంతా వచ్చినట్టు ఎందుకు ఉంటుందో, మరుసటి వారం ఎందుకు ఖాళీగా ఉంటుందో ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

మరపు గురించి తొలి కొలతలు ఇంకా పాతవి. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత వాటిని తిరిగి నేర్చుకోవడానికి పట్టే శ్రమలో ఎంత ఆదా అవుతుందో తన మీద తానే కొలుచుకుని 1885లో ప్రకటించాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆదా సుమారు 58 శాతం, ఒక రోజు తర్వాత 34 శాతం, నెల తర్వాత 21 శాతం. అర్థమున్న పాఠం ఇంత త్వరగా చెదిరిపోదు. కానీ బట్టీ పట్టిన సమాధానం, అర్థం కాకుండా పట్టిన మేరకు, ఆ అక్షర సముదాయాల దారినే పోతుంది. నష్టం అధిక భాగం మొదటి రోజే జరుగుతుంది కాబట్టి, పాఠం విన్న సాయంత్రం నోట్సు మీద పెట్టే పావుగంట, నెల తర్వాత పెట్టే రెండు గంటల కంటే విలువైనదని చెప్పవచ్చు.

చేతితో రాయడం మేలా, కంప్యూటర్‌లో కొట్టుకోవడం మేలా అన్న చర్చ కూడా ఇక్కడే వస్తుంది. 2014లో ముల్లర్, ఒపెన్‌హైమర్ చేసిన అధ్యయనంలో ల్యాప్‌టాప్ వాడినవారు ఎక్కువ మాటలు, అవీ విన్నవి విన్నట్టుగా, రాసుకున్నారని, అవగాహనకు సంబంధించిన ప్రశ్నల్లో వెనుకబడ్డారని తేలింది. అయితే 2019లోను, 2021లోను అదే ప్రయోగాన్ని తిరిగి చేసిన ఇతర పరిశోధకులకు మార్కుల్లో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి పెన్నులో ఏదో మహిమ ఉందని చెప్పడం తొందరపాటు. చేయి మాట వేగాన్ని అందుకోలేదు కనుక ఏరుకోక తప్పదు. ఆ ఏరుకోవడంలోనే లాభం ఉంటే ఉండాలి. డిక్టేషన్ ఈ ఒక్క లాభాన్ని కూడా తీసేస్తుంది, ఎందుకంటే అక్కడ చేతి వేగానికి తగినట్టు మాటే నెమ్మదిస్తుంది, ఏరుకునే పని ఎవరికీ మిగలదు.

ఏది రాయాలి, ఏది వదలాలి అన్న ప్రశ్నకు సమాధానం కోసం దూరం వెళ్లనక్కరలేదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరి తెలుగువాడు, నేటి మెదక్ జిల్లాలోని కొల్చారం ఆయన ఊరు. తన వ్యాఖ్య మొదట్లోనే ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే". మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని దాని భావం. ఆయన వ్యాఖ్యలు ఇన్ని శతాబ్దాలుగా సంస్కృత విద్యార్థుల చేతుల్లో నిలవడానికి ఈ నిగ్రహమే ప్రధాన కారణమని అనుకోవచ్చు. విద్యార్థి నోట్సుకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. మూలం అంటే పాఠ్యపుస్తకం. గైడులోనో, ఎవరో పంపిన మెటీరియల్‌లోనో ఉన్న వాక్యాన్ని మూలంతో సరిచూసుకోకుండా ఎక్కించుకుంటే అందులోని తప్పు కూడా ఎక్కుతుంది. ఇక అవసరం లేనిది రాయకపోవడం కష్టమైన భాగం, ఎందుకంటే ఏది అవసరమో పాఠం అర్థమైతే తప్ప తెలియదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతోంది. నోట్సు రాసే పద్ధతి గురించి ఇచ్చే సలహాలన్నీ సబ్జెక్టులన్నింటికీ ఒకటే అచ్చు సరిపోతుందన్నట్టు ఉంటాయి: శీర్షిక, నిర్వచనం, ముఖ్యాంశాలు, ముగింపు. గణితంలో జ్ఞానం ఉండే తీరు వేరు, చరిత్రలో ఉండే తీరు వేరు, ఛందస్సులో ఉండే తీరు వేరు. ఆయా శాస్త్రాల కట్టడాన్ని అనుసరించి నోట్సు ఆకారం కూడా మారాలి.

గణితంలో సాధారణంగా విద్యార్థి చేతిలో ఉండేది సూత్రాల జాబితా. సూత్రం ఎంత ముఖ్యమో, అది వర్తించే షరతు అంతకంటే ముఖ్యం, కానీ జాబితాలో మొదట రాలిపోయేది షరతే. అనంత గుణశ్రేఢి మొత్తానికి సూత్రం, మొదటి పదాన్ని ఒకటి నుంచి సామాన్య నిష్పత్తిని తీసివేయగా వచ్చినదానితో భాగించడం. ఈ ఒక్క ముక్కే రాసుకున్న విద్యార్థి 1, 2, 4, 8 అంటూ సాగే శ్రేఢికి దీన్ని వాడితే మొత్తం రుణ 1 అని వస్తుంది. ధన సంఖ్యలను ఎంతకాలం కూడినా రుణ సంఖ్య రాదని చిన్నపిల్లలకూ తెలుసు. సామాన్య నిష్పత్తి పరమ మూల్యం 1 కంటే తక్కువగా ఉంటేనే సూత్రం చెల్లుతుందన్న షరతు, దాని పక్కనే ఈ తప్పు ఉదాహరణ కూడా రాసుకుంటే, ఆ పేజీ మరచిపోవడం కష్టం. గణిత నోట్సులో ఉండవలసిన రెండో భాగం, సొంత తప్పుల పట్టిక. అసమీకరణాన్ని రుణ సంఖ్యతో గుణించినప్పుడు గుర్తు తిప్పడం మరచిపోయాననో, వర్గమూలం తీసినప్పుడు ఒక విలువే తీసుకున్నాననో, తేదీతో సహా రాసుకున్న నాలుగు పేజీలు, సాధించిన వంద లెక్కల ఫెయిర్ నోట్సు కంటే పరీక్ష ముందు ఎక్కువ ఉపయోగపడతాయి. తప్పు విషయం తెలియక జరిగిందా, షరతు చూడక జరిగిందా, కూడికలో జరిగిందా, ప్రశ్న సరిగా చదవక జరిగిందా అని విడదీసి రాయడం ఇందులో కీలకం; ఒక్కో రకానికి మందు వేరు. తప్పు సమాధానానికి మార్కు కోత విధించే నీట్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఈ పట్టిక మరింత అవసరం.

భౌతిక శాస్త్రానికీ షరతుల మాట వర్తిస్తుంది. చలన సమీకరణాలు త్వరణం స్థిరంగా ఉన్నప్పుడే చెల్లుతాయి. లఘులోలకం ఆవర్తన కాలపు సూత్రం డోలన పరిమితి చిన్నదిగా ఉన్నప్పుడే సరిపోతుంది. దీనికి తోడు, ప్రతి సూత్రం పక్కన ఒక నిజమైన కొలత ఉంటే మంచిది. మీటరు పొడవున్న లోలకం ఒక పూర్తి డోలనానికి సుమారు రెండు సెకన్లు తీసుకుంటుందని రాసుకున్న విద్యార్థి, పరీక్షలో తన లెక్కకు ఇరవై సెకన్లు వస్తే వెంటనే అనుమానిస్తాడు. దర్పణాల సూత్రంలో సంకలనం, కటకాల సూత్రంలో వ్యవకలనం ఉండడం ఏటా ఎందరినో తికమక పెడుతుంది. వాటిని రెండు వేర్వేరు అధ్యాయాల్లో విడివిడిగా కాక, ఒకే పేజీలో పక్కపక్కన, ఒకే సంజ్ఞా సాంప్రదాయంతో గీసిన రెండు కిరణ చిత్రాలతో రాసుకుంటే తికమక అక్కడే తీరిపోతుంది.

రసాయన శాస్త్రంలో వాస్తవాల రాశి పెద్దది. అందుకే అక్కడ బట్టీ ఎక్కువ. అమ్మోనియాను తయారు చేసే హేబర్ పద్ధతిని తీసుకుంటే, సుమారు 450 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 200 అట్మాస్ఫియర్ల పీడనం, ఇనుము ఉత్ప్రేరకం అని మూడు అంకెలు, మాటలు వల్లె వేయడం ఆనవాయితీ. వాటి పక్కన "ఎందుకు" అనే గడి ఒకటి గీస్తే నోట్సు స్వభావమే మారిపోతుంది. ఒక ఘనపరిమాణం నత్రజని, మూడు ఘనపరిమాణాల హైడ్రోజన్ కలిసి రెండు ఘనపరిమాణాల అమ్మోనియా అవుతుంది. నాలుగు రెండవుతున్నాయి కాబట్టి పీడనం పెంచితే సమతాస్థితి అమ్మోనియా వైపు జరుగుతుంది. చర్య ఉష్ణమోచకం, అంటే వేడిని విడిచేది, కాబట్టి లీ షాట్లియర్ నియమం (బయటి మార్పును తగ్గించే వైపే సమతాస్థితి జరుగుతుందన్నది) ప్రకారం దిగుబడి పెరగాలంటే ఉష్ణోగ్రత తక్కువగా ఉండాలి. మరి 450 డిగ్రీలు ఎందుకు? చల్లగా ఉంటే చర్య ఏళ్లు పూళ్లు పట్టేంత నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి, దిగుబడిలో కొంత వదులుకుని వేగాన్ని కొనుక్కోవడం అన్నమాట. ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చదు, అక్కడికి త్వరగా చేరుస్తుంది. ఈ కొద్ది వాక్యాలు రాసుకున్నవారికి ఆ అంకెలు ఒకదానితో ఒకటి ముడిపడి గుర్తుంటాయి, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సమాధానం దొరుకుతుంది.

కర్బన రసాయనానికి వాక్యాల కంటే పటం మేలు. ఒక పెద్ద కాగితం మధ్యలో ఇథనాల్ అని రాసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 443 కెల్విన్ వద్ద ఈథీన్ వైపు ఒక బాణం, అదే ఆమ్లంతో 413 కెల్విన్ వద్ద డైఇథైల్ ఈథర్ వైపు ఒక బాణం, ఆక్సీకరణంతో ఎసిటాల్డిహైడ్ వైపు, అక్కడి నుంచి ఎసిటిక్ ఆమ్లం వైపు మరో బాణం గీస్తే, వేర్వేరు అధ్యాయాల్లో చెల్లాచెదురుగా ఉన్న చర్యలు ఊరి దారుల్లా ఒకచోట కనబడతాయి. ఒకే పదార్థం, ఒకే ఆమ్లం, ముప్పై డిగ్రీల తేడాతో రెండు వేర్వేరు ఉత్పన్నాలు ఇస్తుందన్న సంగతి పటంలో కళ్లకు కడుతుంది, జాబితాలో కనబడదు.

జీవ శాస్త్రంలో బొమ్మే నోట్సు అని తెలియనివారు లేరు, కాకపోతే బొమ్మను దింపుకోవడం వేరు, గీయడం వేరు. గుండె పటాన్ని పుస్తకం చూసి పదిసార్లు దింపిన విద్యార్థి, ఒకసారి పుస్తకం మూసి కుడి కర్ణిక నుంచి మొదలుపెట్టి రక్తం వెళ్లే దారిని గీయబోతే, పుపుస ధమని దగ్గర ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. ధమనులన్నీ ఆమ్లజని ఉన్న రక్తాన్ని మోస్తాయని రాసుకున్న వాక్యం, ఆమ్లజని తక్కువున్న రక్తాన్ని ఊపిరితిత్తులకు చేర్చే ఈ ధమని దగ్గర అడ్డుపడుతుంది. ఇక వృక్ష శాస్త్రంలో కుటుంబాల వర్ణన దగ్గర వంగపువ్వునో, ఉమ్మెత్తపువ్వునో చేతిలో పెట్టుకోకుండా సొలనేసి లక్షణాలు వల్లె వేయడం అనవసరమైన కష్టం. ఐదు రక్షక పత్రాలు, ఐదు ఆకర్షణ పత్రాలు, వాటికి అంటి ఉన్న ఐదు కేసరాలు లెక్కపెట్టి రాసుకున్న పుష్ప సంకేతం ఒక్క వరుసలో ఒక పేజీ వర్ణనను ఇముడ్చుకుంటుంది. అది శాస్త్రమే తయారు చేసి ఇచ్చిన నోట్సు.

చరిత్ర నోట్సు అనగానే తేదీల వరుస రాసుకోవడం పరిపాటి. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారి పుస్తకాల్లో తెలుగు రాష్ట్రాల ఏర్పాటు అధ్యాయం ఇలాగే ఉంటుంది: 1952 డిసెంబరు 15, 1953 అక్టోబరు 1, 1956 ఫిబ్రవరి 20, 1956 నవంబరు 1, 1969, 1972, 1973, 2014 జూన్ 2. తేదీ పక్కన సంఘటన పేరు ఉంటుంది, ఒక సంఘటన నుంచి ఇంకొకటి ఎలా పుట్టిందో ఉండదు. అదే అధ్యాయాన్ని కారణాల గొలుసుగా రాస్తే ఇలా ఉంటుంది. పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో మరణించడంతో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. భాష ప్రాతిపదికన ఒక రాష్ట్రం వచ్చాక మిగిలిన ప్రాంతాల కోరికలను ఆపడం సాధ్యం కాక కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని వేసింది. తెలంగాణ విలీనంపై ఉన్న భయాలను తీర్చడానికి పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. అందులోని ఉద్యోగాల రక్షణ, మిగులు నిధుల వినియోగం హామీలు అమలు కాలేదన్న ఆగ్రహం 1969 ఉద్యమంగా వెల్లువెత్తింది. తెలంగాణలో ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పడంతో ఈసారి ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు వైపుల ఉద్యమాలకు సమాధానంగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దానికి చట్టబలం ఇవ్వడానికి 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం చేరింది.

ఈ రెండో రూపంలో ప్రతి తేదీకీ ముందు వెనుకల పట్టు దొరికింది. ఏదైనా ఒక మెట్టు మరచిపోతే దాని పైమెట్టు, కిందిమెట్టు చూసి ఊహించుకోవచ్చు. చరిత్రలో ప్రారంభించి ఇదే గొలుసు రాజ్యాంగం పేపర్లోకి వెళ్లి ముగిసింది కూడా. 371-డి అధికరణాన్ని పాలిటీ నోట్సులో విడిగా, ముల్కీ నిబంధనలను చరిత్ర నోట్సులో విడిగా రాసుకున్న విద్యార్థికి ఈ రెండూ ఒకటే కథ అని తెలిసే అవకాశం తక్కువ. సబ్జెక్టుకొక పుస్తకం పెట్టే అలవాటులో ఉన్న లోపం ఇది. ఒక పుస్తకంలోని పేజీ నుంచి ఇంకో పుస్తకంలోని పేజీకి "ఫలానా చోట చూడు" అని ఒక మాట రాసుకుంటే చాలు, ఆ లోపం పూడుతుంది.

భూగోళానికి ఖాళీ పటం, అర్థశాస్త్రానికి అక్షాల పేర్లు రాసిన రేఖాచిత్రం. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

తెలుగు పేపరుకు నోట్సు అవసరమే లేదన్నట్టు చూడడం బాధాకరం. ఛందస్సులో గణాలకు "యమాతారాజభానసలగం" అన్న సూత్రం అందరికీ తెలుసు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం నుంచి మూడు అక్షరాలు తీసుకుంటే దాని గురు లఘువులు వాటంతట అవే వస్తాయి. పది అక్షరాల్లో ఎనిమిది గణాలు ఇమిడి ఉండడం మన పూర్వులు తయారు చేసిన నోట్సులో మణి వంటిది. కానీ వృత్తాల దగ్గరికి వచ్చేసరికి నాలుగు పద్యాల గణాలను నాలుగు విడి వరుసలుగా వల్లె వేయిస్తారు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ (వ అంటే ఒక లఘువు, ఒక గురువు). చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర. వినడానికి ఈ రెంటికీ పొత్తు లేదు. గణాల గీతలు చెరిపేసి గురు లఘువులను మాత్రమే వరుసగా రాసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే వచ్చేది చంపకమాలే. అందుకే దానికి 20 అక్షరాలుంటే దీనికి 21, దానికి యతి 10వ అక్షరమైతే దీనికి 11వది. శార్దూలం, మత్తేభాల మధ్య ఉన్నదీ సరిగ్గా ఇదే సంబంధం; 19 అక్షరాలు 20 అవుతాయి, 13వ అక్షరపు యతి 14కు జరుగుతుంది. నాలుగు వృత్తాలు గుర్తుపెట్టుకోవలసిన చోట రెండు గుర్తుంటే సరిపోతుంది. ఇటువంటి బంధుత్వాన్ని పుస్తకం చెప్పకపోయినా, గురు లఘువులు తన చేత్తో రాసి పోల్చుకున్న విద్యార్థికి కనబడుతుంది. జాబితాను దింపుకున్న విద్యార్థికి కనబడదు.

తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివి ఇంగ్లీషు మాధ్యమంలో ఇంటర్మీడియట్‌కు వచ్చే పిల్లల విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. వారికి మొదటి ఆరు నెలలు ప్రతి పాఠం రెండుసార్లు కొత్త: విషయం కొత్త, దాని పేరు కొత్త. వీరు చేసే పని సాధారణంగా ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట రాసుకోవడం. అది సరిపోదు, ఎందుకంటే శాస్త్రంలో వాడే తెలుగు మాటకు, ఇంట్లో వాడే అదే మాటకు అర్థం ఒకటి కాదు. వాడుకలో వేగం అంటే ఎంత జోరుగా పోతోందనేదే. భౌతిక శాస్త్రంలో దాన్ని వడి అంటారు, దిశ కూడా చేరితేనే వేగం. స్పీడ్, వెలాసిటీ అన్న మాటల తేడా ఇదే. అలాగే ద్రవ్యరాశికీ భారానికీ, ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను బరువు, వేడి అన్న ఇంటి మాటలు కలిపేస్తాయి. కాబట్టి మూడు గడుల పట్టిక కావాలి: ఇంగ్లీషు మాట, పాఠ్యపుస్తకపు తెలుగు మాట, రెండింటికీ సొంత వాక్యంలో అర్థం. ఇంకో వైపు నుంచి చూస్తే తెలుగు పారిభాషిక పదం ఒక వరం కూడా. ఎక్సోథర్మిక్ అన్న మాట అది తెలియని విద్యార్థికి ఏమీ చెప్పదు. ఉష్ణమోచకం అన్న మాట వేడిని విడిచిపెట్టేది అని తానే చెబుతుంది. కిరణజన్య సంయోగక్రియ అన్న పేరులో వెలుగు ఉంది, కలయిక ఉంది, చర్య ఉంది. మొదటి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు కూడా ఈ పేర్లను నోట్సు అంచున రాసుకుంటే నిర్వచనంలో సగం చేతికి వస్తుంది. విదేశాల్లో పెరుగుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు, తమ పాఠాలను అమ్మమ్మకో తాతయ్యకో చెప్పగలిగే మాటలు ఈ పట్టికలోనే దొరుకుతాయి.

ఇన్ని ఆకారాలు చెప్పుకున్నా, పేజీ అమరికలో ఒక ఏర్పాటు అన్నింటికీ పనికివస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ ప్రచారం చేసిన పద్ధతిలో పేజీకి ఎడమ వైపు సుమారు రెండున్నర అంగుళాల గడి, కుడి వైపు ఆరు అంగుళాల గడి, కింద రెండు అంగుళాల జాగా ఉంటాయి. పాఠం వింటున్నప్పుడు కుడి గడిలో రాస్తారు. ఆ సాయంత్రం దాన్ని చదివి, ప్రతి భాగానికి సమాధానం కుడి వైపు దొరికేలా ఎడమ గడిలో ఒక ప్రశ్న రాస్తారు. కింద రెండు మూడు వాక్యాల్లో సారం రాస్తారు. మన లాంగ్ నోటుబుక్కుల్లో ముందే అచ్చైన ఎర్ర మార్జిన్ దీనికి ఇరుకు, స్కేలుతో మరో గీత గీసుకోవాలి. ఈ పద్ధతి బలమంతా ఎడమ గడిలో ఉంది. కుడి భాగాన్ని అట్టముక్కతో మూసి, ఎడమ ప్రశ్నలకు నోటితోనో, చిత్తుకాగితం మీదనో సమాధానం చెప్పుకుంటే 2006 నాటి ప్రయోగంలో మేలు పొందిన విద్యార్థులు చేసిన పనే జరుగుతుంది. ఆ పని ఆ రాత్రి ఒకసారి, వారాంతంలో ఒకసారి, నెల తర్వాత ఒకసారి జరగాలి. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది చదువు పద్ధతులను పరిశీలించి, ఎక్కువ ఫలమిచ్చేవిగా తేల్చినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచడం. పసుపు రంగు హైలైటర్‌తో గీతలు గీయడం, తిరిగి చదవడం వారి అంచనాలో అడుగున నిలిచాయి. సారాంశం రాయడాన్ని కూడా వారు తక్కువ వరుసలోనే ఉంచారు; శిక్షణ లేని విద్యార్థులు రాసే సారాంశంలో ముఖ్యమైనది తప్పిపోవడమే అందుకు కారణాల్లో ఒకటి. నోట్సు రాయడం తనకు తానుగా అబ్బే విద్య కాదని, నేర్పవలసిన విద్య అని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఫోనులో వచ్చే పీడీఎఫ్ మెటీరియల్, పాఠాన్ని క్షణంలో కుదించి ఇచ్చే కృత్రిమ మేధ, ఇవి కూడా ఇంకొకరి నోట్సే. మునుపటి జిరాక్స్ ప్రతికి ఉన్న పరిమితి వీటికీ ఉంది, పైగా తప్పు ఎవరిదో అడగడానికి పక్క బెంచీలో ఎవరూ ఉండరు. ముందుగా సొంత నోట్సు రాసుకుని, ఆ తర్వాత వీటితో పోల్చి ఏది వదిలేశామో చూసుకోవడానికి ఇవి చక్కగా పనికివస్తాయి. ఆ క్రమం తారుమారైతే రాయవలసిన అవసరమే కనిపించదు.

ఉపాధ్యాయుల వైపు నుంచి చేయగలిగిన మార్పు ఒకటి ఉంది, దానికి ఖర్చు లేదు. ఇప్పుడు నోట్సు కరెక్షన్ అంటే విషయసూచిక ఉందా, శీర్షికల కింద గీత ఉందా, అన్ని ప్రశ్నలకు జవాబులు నిండాయా అని చూసి, ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి, చివర సంతకం చేయడం. అరవై మంది ఉన్న తరగతిలో అరవై పుస్తకాలు అక్షరం అక్షరం ఒకేలా ఉంటే వాటిని దిద్దడంలో తెలిసేది కూడా ఏమీ ఉండదు. పీరియడ్ చివరి ఐదు నిమిషాలు డిక్టేషన్ ఆపి, ఆ రోజు పాఠం మీద ఎడమ గడిలో మూడు ప్రశ్నలు ఎవరికి వారే రాసుకోమంటే, పుస్తకాలు ఒకేలా ఉండవు. దిద్దేటప్పుడు ఆ గడి మీద కన్ను వేస్తే పాఠం ఎవరికి ఎక్కడ తెగిపోయిందో రాసిన ప్రశ్నే చెబుతుంది. "అమ్మోనియా తయారీలో వాడే ఉత్ప్రేరకం ఏది" అని రాసిన విద్యార్థికి, "ఉష్ణోగ్రత తగ్గిస్తే దిగుబడి పెరిగేటప్పుడు 450 డిగ్రీలు ఎందుకు" అని రాసిన విద్యార్థికి మరునాడు చెప్పవలసిన మాటలు వేరు. సంతకం పెట్టే ముందు ఆ ప్రశ్నల్లో ఒకదాన్ని పుస్తకం మూసి అడగడానికి అర నిమిషం చాలు.